మద్యపాన చికిత్సలో తొలి ప్రశ్న: వ్యసనం ఏ వయసులో మొదలైంది?

బాధిత కుటుంబాలకు, వైద్యులకు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలకు విజ్ఞప్తి

మద్యానికి బానిసైనవారందరినీ ఒకే గాటన కట్టి ఒకే మందు రాయడం శాస్త్రసమ్మతం కాదు. స్వీడన్‌లో దత్తత వెళ్లిన పిల్లలపై జరిగిన అధ్యయనం ఆధారంగా అమెరికా మనోవైద్యుడు రాబర్ట్ క్లోనింజర్ 1980లలో ఈ వ్యసనాన్ని రెండు రకాలుగా విభజించాడు. మొదటి రకం సాధారణంగా 25 ఏళ్లు దాటాక మొదలై, ఆందోళన, పరిసరాల ప్రభావంతో ముదురుతుంది. రెండవది అంతకుముందే, ఎక్కువగా మగవారిలో, తండ్రి నుంచి కొడుకుకు వంశపారంపర్యంగా వచ్చి, దుడుకుతనంతో, హింసతో ముడిపడి ఉంటుంది.

ఈ తేడాకు సెరటోనిన్‌తో సంబంధం ఉన్నదని పరిశోధకులు భావిస్తున్నారు. ఒక నాడీకణం నుంచి మరొక కణానికి సంకేతాలను చేరవేసే ఈ రసాయనం మనోస్థితిని, నిద్రను, ఆవేశాన్ని అదుపులో ఉంచడానికి తోడ్పడుతుంది. ఆవేశంలో హింసకు పాల్పడిన నేరస్థులను, వారిలో అనేకులు మద్యపాన వ్యసనపరులే, ఫిన్లాండ్‌లో పరీక్షించినపుడు, సెరటోనిన్ విచ్ఛిన్నమయ్యాక మిగిలే పదార్థం వారి వెన్నుద్రవంలో తక్కువగా కనిపించింది.

అయితే సెరటోనిన్ తక్కువైతే దాన్ని పెంచే మందు చాలునన్న తర్కం నిలవలేదు. అలా సెరటోనిన్‌ను పెంచుతూ కుంగుబాటుకు వాడే ఫ్లూయాక్సెటిన్, చిన్న వయసులోనే తీవ్రంగా తాగుడుకు లోనైనవారిలో ఉత్తుత్తి మాత్ర కంటే అధ్వాన ఫలితమిచ్చినట్లు 1996లో ఒక పరీక్ష తేల్చగా, సెరటోనిన్ పనిని కొంత అడ్డుకుని వాంతులను ఆపే ఆన్‌డాన్‌సెట్రాన్ అదే కోవవారిలో తాగుడును తగ్గించినట్లు 2000లో మరొకటి చూపింది. వ్యసనపు రెండు రకాలూ ఒకే మనిషిలో కలగలిసి ఉండవచ్చు గనుక, ఈ ఫలితాలు ఏ మందునూ సొంతంగా వాడడానికి అనుమతి కావు; రోగి చరిత్రను సమగ్రంగా తెలుసుకోవాలన్న హెచ్చరిక మాత్రం వాటిలో స్పష్టంగా ఉన్నది.

కాబట్టి:

1. ప్రతి డీ అడిక్షన్ కేంద్రంలో వ్యసనం మొదలైన వయసు, కుటుంబ చరిత్ర, దిగులు, ఆవేశ లక్షణాలను చికిత్సకు ముందే నమోదు చేయాలి.

2. మద్యపానంతో ముడిపడిన మానసిక స్థితులను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మానసిక అనారోగ్యంలో చేర్చినందున, జిల్లా ఆసుపత్రుల్లో మనోవైద్యుల పోస్టులను భర్తీ చేయాలి.

3. తీవ్ర వ్యసనపరులు మద్యాన్ని హఠాత్తుగా మానితే మూర్ఛలు, ప్రాణాపాయం కలగవచ్చు గనుక, వారిని బంధించకుండా వైద్యుల పర్యవేక్షణలోనే మాన్పించాలి.

ఉచిత మానసిక సహాయం కోసం టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు. తాగుబోతన్న నిందకు బదులు రోగికి తగిన పరీక్ష, తగిన చికిత్స అందించడం ప్రభుత్వాల బాధ్యత. దాన్ని అడిగి సాధించుకోవడం ప్రతి బాధిత కుటుంబపు హక్కు.