చేసుకునే ప్రార్థన, చేయించుకునే ప్రార్థన

పిల్లాడికి జ్వరమొచ్చినా, వీసా ఇంటర్వ్యూ దగ్గరపడినా, బోరులో నీళ్లు పడకపోయినా తెలుగు క్రైస్తవుల ఇళ్లలో తరచూ వినిపించే మాట ఒకటుంది: “అయ్యగారితో ప్రార్థన చేయించుకుందాం.” అయ్యగారు ఊళ్లో లేకపోయినా ఇప్పుడు ఇబ్బంది లేదు. యూట్యూబ్ లైవ్ కింద పేరూ, కష్టమూ టైపు చేస్తే తెరమీద ఎవరో ఒకరు చదివి ప్రార్థిస్తారు. ఈ “చేయించుకోవడం” దగ్గరే ఒక్క క్షణం ఆగాలి. పసిపిల్లలకు అన్నం తినిపించాల్సిందే. ఎదిగినవాళ్లు తామే కలుపుకుని తింటారు.

మరొకరిని ప్రార్థించమని అడగడం తప్పు కాదు. రోగి సంఘపెద్దలను పిలిపించుకోవాలని యాకోబు పత్రిక 5వ అధ్యాయమే చెబుతోంది. ప్రార్థనంటే ఇక అదే అనుకోవడంతోనే వచ్చింది చిక్కంతా. ఆదివారం ఆరాధన, శుక్రవారం ఉపవాస కూటం, శ్రమల దినాల్లో ఇంటింటి కూటాలు. ఇన్నిటి మధ్య మనిషి ఒంటరిగా దేవుని ముందు కూర్చునే పావుగంట ఎటో జారిపోతోంది.

గదిలోకి వెళ్లి తలుపు వేసుకుని ప్రార్థించమని యేసు చెప్పిన మాట మత్తయి సువార్త 6వ అధ్యాయంలో ఉంది. గ్రీకు మూలంలో ఆ గదికి వాడిన పదానికి ధాన్యం, సామాను దాచుకునే కొట్టుగది అనే అర్థం ఉంది. ఆ లెక్కన పాలరాయి పరిచిన ప్రార్థనగది అక్కర్లేదు, బియ్యం బస్తా పక్కన కాస్త చోటు చాలు. ఆ చోటూ లేని ఇళ్లలో తెల్లవారుజామున నాలుగింటికి లేచి, నిద్రపోతున్న పిల్లల మధ్యే గోడవైపు తిరిగి మోకరించి, కొంగు నెత్తిమీదికి లాక్కునే అమ్మలున్నారు. 18వ శతాబ్దపు ఇంగ్లండులో జాన్ వెస్లీ తల్లి సుసన్నా కూడా ఏప్రన్‌ను తలమీద కప్పుకుని ప్రార్థించేదని చెప్పుకుంటారు. పంతొమ్మిది మందిని కన్న తల్లికి అంతకుమించి ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది?

ఇది తెలుగు నేలకు కొత్త సంగతీ కాదు. 1938లో రాజమండ్రిలో బైబిల్ మిషన్ మొదలుపెట్టిన ముంగమూరి దేవదాసు అయ్యగారు మౌనంగా దేవుని సన్నిధిలో “కనిపెట్టడం” నేర్పారు. ఇల్లు కనిపెట్టుకుని ఉండమన్నప్పుడు వాడే మాటే ఇది. కళ్లు తెరిచి, నోరు మూసుకుని, ఎదురుచూడటం.

ఒంగోలు కొండ కథ అంతకన్నా పాతది. నెల్లూరులోని బాప్టిస్టు మిషన్‌ను మూసేయాలా వద్దా అని అమెరికాలో తర్జనభర్జనలు జరిగిన రోజులవి. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఆ మిషన్‌కు చెందిన మిషనరీ లైమన్ జూయెట్, ఆయన భార్య, ఇంకొందరు ఆ కొండెక్కి ప్రార్థించారు. మైకు లేదు, జనం లేరు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నప్పుడు అందరూ ఆ కొండనే తలుచుకున్నారు. అంతకుముందటి ఘోరమైన కరవు, ఆ కరవులో అదే మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ క్లౌ చేయించిన కాలువ పనులు కూడా కారణమని ఒప్పుకోవాలి. ప్రార్థనను లాటరీ టిక్కెట్టులా చూపించే ప్రసంగాలకు ఈ రెండో సగం రుచించదు.

ఒంటరిగా కూర్చుంటే అయిదు నిమిషాలకే మాటలు అయిపోతున్నాయని చాలామంది బాధ. కీర్తనల గ్రంథం ఉన్నది అలాంటివాళ్లకే. ఆ 150 కీర్తనల్లో స్తుతులెన్నో, ఫిర్యాదులూ అన్ని ఉన్నాయి. 88వ కీర్తన ఓదార్పు లేకుండా చీకటి మాటతోనే ముగుస్తుంది. సిలువ మీద యేసు నోట వచ్చింది 22వ కీర్తనలోని ఆక్రోశం. మన సంఘాల్లో సాక్ష్యాలు చెప్పడం నేర్పుతారు గానీ, దేవునితో ఇలా పోట్లాడవచ్చని నేర్పేవారు తక్కువ. భర్తను పోగొట్టుకున్న మనిషిని రెండో వారమే “దేవునికి స్తోత్రం చెప్పండమ్మా” అనడం భక్తి కాదు, తొందర.

శుక్రవారం కూటాల్లో ఒక్క పదినిమిషాలు మైకు ఆపి చూడవచ్చు. ఎవరి కీర్తన వాళ్లు తెరుచుకుని, ఎవరి మాట వాళ్లు చెప్పుకునేలా. మొదటి వారం దగ్గులు వినిపిస్తాయి, ఎవరిదో ఫోను మోగుతుంది, కీబోర్డు వాయించే కుర్రాడికి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచదు. ఫ్యాను చప్పుడు కూడా పెద్దగానే వినిపిస్తుంది.