నారింజ వాసన వచ్చినంత మాత్రాన పండ్లరసం కాదు



విదేశాల్లో ఉన్న మనవారు సెలవులకు వచ్చేటప్పుడు తెచ్చే చాక్లెట్లు, కేకులతో పాటు ఒక్కోసారి నారింజ పరిమళం గల ఫ్రెంచి మద్యం సీసా కూడా మన ఇళ్ళకు చేరుతుంది. "ఇది బ్రాందీ కాదు, విస్కీ కాదు, పండుతో చేసినదే కదా" అని కొందరు సమర్థించుకుంటారు. ఆరోగ్యం దృష్ట్యా ఈ మాట సరైనది కాదని మా అభిప్రాయం. దాని తయారీ తెలుసుకుంటే కారణం మీకే అర్థమవుతుంది.

ఈ రకం మద్యాల్లో పేరు పొందినది క్వాంత్రో. ఫ్రాన్స్ దేశంలోని ఆంజే పట్టణంలో మిఠాయిలు చేసే అడోల్ఫ్ క్వాంత్రో, ఆయన సోదరుడు ఎడ్వార్డ్ జాన్ కలిసి 1849లో బట్టీ ప్రారంభించారు. ఎడ్వార్డ్ జాన్ కుమారుడు ఎడ్వార్డ్ 1875లో ఈ నారింజ మద్యాన్ని రూపొందించాడు. అప్పట్లో దొరికే నారింజ మద్యాల కంటే తీపి తగ్గించి, నారింజ వాసన పెంచడం ఆయన చేసిన మార్పు.

ఇందులో వాడేది పండ్ల రసం కాదు, తొక్కలు. తియ్య నారింజ తొక్కలను, చేదు నారింజ తొక్కలను చక్కెర దుంపల నుండి తీసిన ఆల్కహాలులో నానబెడతారు. తొక్కలోని సుగంధ తైలం ఆల్కహాలులోకి దిగుతుంది. తర్వాత దానిని రాగి బట్టీలలో కాచి, ఆవిరిని చల్లార్చి, మధ్యలో వచ్చే శుభ్రమైన భాగాన్ని మాత్రమే తీసుకుంటారు. చివరగా చక్కెర, నీరు కలుపుతారు. సీసాలోని ద్రవం నీళ్ళలా తేటగా ఉంటుంది. మంచు ముక్కలు వేస్తే తైలం విడివడి తెల్లగా మసకబారుతుంది. ఇది నేర్పుగల పని అనడంలో సందేహం లేదు.

అయితే ఆవిరితో పాటు పైకి వచ్చేవి ఆల్కహాలు, సువాసన మాత్రమే. విటమిన్ సి గానీ, పీచు పదార్థం గానీ ఆవిరి కావు. అంటే పండులో మనకు మేలు చేసేదేదీ సీసాలోకి రాదు. మిగిలేది 40 శాతం ఆల్కహాలు. మన బ్రాందీ, విస్కీలలో ఉండేది కూడా దాదాపు అంతే. 700 మి.లీ. సీసాలో 280 మి.లీ. శుద్ధ ఆల్కహాలు ఉంటుంది. 5 శాతం బీరు పెద్ద సీసాలు ఎనిమిది తాగినా అంత రాదు. పైగా తీపి వల్ల ఘాటు తెలియదు, గ్లాసు తర్వాత గ్లాసు సులభంగా దిగుతుంది.

మద్యపానంలో సురక్షితమైన మోతాదు అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. గర్భిణీ స్త్రీలు, కాలేయ వ్యాధి ఉన్నవారు దీనిని పూర్తిగా దూరంగా ఉంచాలి. ఇన్సులిన్ గానీ, కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వాడేవారు ఖాళీ కడుపుతో మద్యం తీసుకుంటే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. నిద్రమాత్రలతో కలిస్తే శ్వాసకే ముప్పు.

మరి ముఖ్యంగా, తాగుడు మానడానికి డైసల్ఫిరామ్ మాత్రలు వాడుతున్నవారి కుటుంబాలకు మా మనవి. ఈ మద్యాన్ని చాక్లెట్లలోను, కేకులలోను కూడా కలుపుతారు. అంత కొంచెం వల్ల కూడా ముఖం ఎర్రబడటం, గుండెదడ, వాంతులు కలగవచ్చు. మాత్ర ఆపిన తర్వాత రెండు వారాల వరకు ఈ ప్రమాదం ఉంటుంది. వంటకంపై పోసి మంట పెడితే ఆల్కహాలంతా పోతుందనుకోవడం పొరపాటు. నాలుగింట మూడు వంతుల వరకు మిగిలే ఉంటుంది. కాబట్టి విదేశీ మిఠాయి పెట్టెలపై అచ్చువేసిన పదార్థాల పట్టిక చదివిన తర్వాతే ఇంట్లో పంచండి. ఎంతో కష్టపడి మానిన మనిషికి తెలియకుండా అది పెట్టడం మర్యాద అనిపించుకోదు.

కేకుకు నారింజ వాసన కావాలంటే బాగా కడిగిన పండు పైతొక్కను సన్నగా తురిమి పిండిలో కలపండి. ఫ్రాన్స్ బట్టీలో వాడే సుగంధ తైలం ఆ తొక్కలోనే ఉంది. లోపలి తొనలు పిల్లలకు పెట్టండి.