ప్రేమించమనే ముందు నిజం ఒప్పుకోండి

నందికొండ చుట్టుపక్కల ఊర్లల్ల దళితుల మీద దెబ్బ పడితే తర్వాత జరిగేది మనకు తెలిసిందే. కేసు పెట్టిన మర్నాడే పెద్దమనుషులు వాడకొస్తరు. "ఊరన్నంక కలిసి బతకాలె, రాజీపడుండ్రి" అంటరు. చర్చికి పోయేవాళ్లైతే ఇంకో మాట కలుపుతరు: "పొరుగోన్ని ప్రేమించమని మీ యేసే చెప్పిండు గదా?"

ఈ మాట విని సాక్ష్యం మార్చుకున్నవాళ్లు మనలో ఉన్నారు. అందుకే దీనికి జవాబు చెప్పాలె.

పొరుగువాడెవడని అడిగినవానికి యేసు చెప్పిన కథ లూకా సువార్త 10వ అధ్యాయంలో ఉంది. దొంగలు కొట్టి పడేసిన మనిషిని చూసి యాజకుడు పక్కనుంచి పోయాడు. లేవీయుడూ పోయాడు. గాయాలు కట్టింది సమరయుడు, యూదులు దూరం పెట్టిన జాతివాడు. ఆ కథలో పరీక్ష దెబ్బలు తిన్నవానికి కాదు, చూసి తప్పుకున్నవాళ్లకు. పడి ఉన్నవాన్ని లేచి దొంగలతో రాజీపడమని అందులో ఎక్కడా లేదు.

దక్షిణాఫ్రికా నల్లవాళ్లకు 'ఉబుంటు' అనే మాట ఉంది. తోటి మనుషుల వల్లనే మనిషి మనిషవుతాడని దాని సారం. మనకిది కొత్త కాదు. చావైన ఇంట్ల పొయ్యి వెలగదని పక్కింటోళ్లు వండి తెచ్చే వాడలు మనవి. ఆ అన్నం వాడ దాటి ఊర్లెకు ఎందుకు పోదు?

అక్కడా చర్చే గోడ కట్టింది. తెల్లవాళ్ల డచ్ రిఫార్మ్డ్ చర్చి 1857లో, తెల్లవాళ్లు కాని విశ్వాసులకు వేరే ఆరాధన పెట్టొచ్చని తీర్మానించింది. అట్లా వేరుచేయబడ్డవాళ్ల సంఘమే 1986లో బెల్హార్ విశ్వాస ప్రకటనను ఆమోదించింది. అన్యాయానికి గురైనవాళ్ల పక్కన దేవుడు నిలుస్తాడు, సంఘమూ అక్కడే నిలవాలని చెప్పింది.

1993 తాత్కాలిక రాజ్యాంగంలో, పగ కాదు, ఉబుంటు కావాలని రాసుకున్నారు. బిషప్ డెస్మండ్ టుటు అధ్యక్షతన సత్య కమిషన్ 1996లో బహిరంగ విచారణలు మొదలుపెట్టింది. రాజకీయ నేరం చేసినవాడు క్షమాభిక్ష కోరితే, చేసిందంతా బయటపెట్టాలె. అదీ చాలదని, న్యాయం పోతుందని స్టీవ్ బికో కుటుంబం కోర్టుకెక్కింది.

మన ఊరి రాజీలో ఆపాటి నిజమైనా ఉందా? కొట్టినవాడు తప్పు ఒప్పుకోడు. హోటల్ల గ్లాసు వేరే, బొందలగడ్డ వేరే. రాజీకాయితం మీద వేలిముద్ర మాత్రం దెబ్బలు తిన్నవానిది! 1955లో ఈ కొండ కాడ సాగర్ డ్యాంకు పునాదిరాయి పడ్డది. రాయి మోసిన నాడు మన భుజం అంటు కాలేదు. బావి కాడికి పోతేనే అంటైందా?

పెద్దమనుషులారా, పొరుగువాళ్లమైతే ముందు చూసింది చూసినట్టు పోలీసుల ముందు చెప్పండి. వైద్యం ఖర్చు కట్టించండి. గ్లాసు ఒక్కటి చేయండి. ప్రేమ గురించి ఆ తర్వాత మాట్లాడుకుందాం. పాస్టర్లారా, ఆదివారం వాక్యం చెప్పే మీరు సోమవారం మాతో ఠాణాకు రండి.

మనమూ తప్పించుకోలేం. మాల చర్చి, మాదిగ చర్చి అని గోడలు పెట్టుకుని ఊరినేం అడుగుతాం? పిల్లనిచ్చి పుచ్చుకోవటానికి వెనకాడుతూ సమరయుని కథ ఎట్లా చదువుతాం? ముందు ఆ గోడ కూలగొడదాం.

1989 అత్యాచారాల నిరోధక చట్టం ఎవరి దయా కాదు, మన హక్కు. కేసు నడపడం పగ కాదు. కొట్టినవాడూ మనిషిగా మారాలంటే చేసిన తప్పు ఒప్పుకోక తప్పదు. సాక్ష్యం మార్చకండి.

జై భీమ్!