ఒక్క సర్వర్ చాలు, ల్యాబ్ లేచి నిలబడుతుంది

మన్ననూర్ చెక్‌పోస్టు దాటితే నల్లమల. ఇక్కడి పిల్లలకు కంప్యూటర్ నేర్పే నాకు ల్యాబ్ కంప్యూటర్లలో ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించడానికి నిన్నమొన్నటిదాకా పెన్‌డ్రైవే దిక్కు. ఇరవై కంప్యూటర్లు, ఒక్కోదాని ముందూ ముప్పావుగంట కాపలా. వారం పీరియడ్లు అందులోనే పోయేవి.

ఈ సెలవుల్లో మూలనపడ్డ కంప్యూటర్‌నే సర్వర్‌ చేశాను. విడిగా ఒక స్విచ్, కేబుళ్లు కొన్నాను. బడి రూటర్‌కు కలపలేదు. రూటరూ సర్వరూ రెండూ కంప్యూటర్లకు నెట్‌వర్క్ చిరునామాలు పంచితే గందరగోళమే. ఇప్పుడు నెట్‌వర్క్ బూట్ ఎంచుకోగానే సర్వర్‌లోని డీహెచ్‌సీపీ సేవ చిరునామా ఇచ్చి, బూట్ ఫైలు జాడ చెబుతుంది. టీఎఫ్‌టీపీ అనే మరో సేవ ఆ ఫైలు పంపుతుంది. ఇన్‌స్టాలర్ అడిగే ప్రశ్నలకు జవాబులు ముందే రాసిపెట్టాను కాబట్టి డెబియన్ లినక్స్ దానంతటదే ఎక్కుతుంది. ప్యాకేజీలన్నీ సర్వర్‌లోనే ఉన్నాయి. అడవిలో సిగ్నల్ పోయినా పని ఆగదు.

విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. అలాగని పాత కంప్యూటర్లను తుక్కుకు వేయడం తప్పు. లినక్స్‌తో అవి ఇంకా ఏళ్లపాటు పనిచేస్తాయి. చెంచు పిల్లల చదువు చూసే మన్ననూర్ సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) ప్రతి ఆశ్రమ పాఠశాలకూ ఇలాంటి సర్వర్ ఒకటి ఇవ్వాలి, ఒక టీచరుకు శిక్షణ ఇప్పించాలి.

మొన్న ఇరవై తెరలూ ఒకేసారి వెలిగాయి. తెలుగు అక్షరాలు చూసి ఓ పాప తెర మీద వేలుపెట్టి చదివింది. ఆ వెలుగు ప్రతి బడికీ చేరాలి.