ఎస్‌డీకేని జిప్ ఫైల్లో పంపే పద్ధతి పోవాలి

చెల్లింపుల గేట్‌వే కావచ్చు, వేలిముద్రల పరికరం కావచ్చు, దాన్ని తన యాప్‌లో కలుపుకోవాల్సిన డెవలపర్‌కి ఇప్పటికీ ఎన్నో కంపెనీలు మెయిల్లో ఒక జిప్ ఫైలు పంపి చేతులు దులుపుకుంటున్నాయి. లోపల ఒక ఏఏఆర్ (ఆండ్రాయిడ్ లైబ్రరీ ఫైలు), ఒక పీడీఎఫ్. ఫైలు పేరులో వెర్షన్ నంబరు ఉండాల్సిన చోట 'ఫైనల్', 'న్యూ' అని ఉంటుంది. ఎస్‌డీకే తయారుచేసే ప్రతి సంస్థా దాన్ని మేవెన్ సెంట్రల్ లాంటి బహిరంగ రిపాజిటరీలో పెట్టాలి.

ఏఏఆర్‌ని తెచ్చి లిబ్స్ ఫోల్డర్లో పడేస్తే కోడ్ వస్తుంది గానీ, ఆ కోడ్‌కి ఇంకా ఏయే లైబ్రరీలు కావాలో చెప్పే పామ్ ఫైలు రాదు. బిల్డ్ సాఫీగానే పూర్తవుతుంది. యాప్ తెరిచి 'పే' బటన్ నొక్కాక 'నోక్లాస్‌డెఫ్‌ఫౌండ్‌ఎర్రర్' అంటూ కూలిపోతుంది. ఏది లేదో వెతికి ఒక్కొక్కటే చేత్తో చేర్చుకోవాలి. ఈ బాధ తప్పించాలని కొందరు ఓకేహెచ్‌టీటీపీ వంటి లైబ్రరీలను కూడా ఎస్‌డీకే లోపలే కుక్కేస్తారు. యాప్‌లో అదే లైబ్రరీ ముందే ఉంటే 'డూప్లికేట్ క్లాస్' అని బిల్డే ఆగిపోతుంది.

ఇలా కుక్కేయడం ఎంత ప్రమాదమో 2021 డిసెంబర్లో తెలిసొచ్చింది. లాగ్‌ఫోర్‌జే అనే జావా లైబ్రరీలో లాగ్‌ఫోర్‌షెల్ అనే భద్రతా లోపం బయటపడిన పది రోజుల్లోనే 2.15.0, 2.16.0, 2.17.0 అంటూ మూడు విడుదలలు వచ్చాయి. డిపెండెన్సీని పేరుతో, వెర్షన్‌తో రాసుకున్న బృందాలకు అది నంబరు మార్చి మళ్లీ బిల్డ్ చేసుకునే పని. ఒక జార్‌లో మరో జార్‌గా ఇరుక్కున్న చోట, అసలు అది అక్కడుందని కనిపెట్టడమే గగనమైంది.

మాది ఓపెన్ సోర్స్ కాదు కదా అని కొందరంటారు. ఒరాకిల్ జేడీబీసీ డ్రైవరూ కాదు. ఏళ్ల తరబడి అది కావాలంటే వెబ్‌సైట్లో లైసెన్సుకు ఒప్పుకుని, జార్ దించుకుని, దాన్ని లోకల్ రిపాజిటరీలోకి చేత్తో ఎక్కించుకోవాల్సి వచ్చేది. 2019లో ఒరాకిల్ దాన్ని మేవెన్ సెంట్రల్లో పెట్టింది. ఇప్పుడు పామ్‌లో నాలుగైదు వరుసలు రాస్తే చాలు. సోర్స్ జార్ అడుగుతారేమోనన్న భయం కూడా అక్కర్లేదు. ఇవ్వలేనివాళ్లు రీడ్‌మీ ఒక్కటే పెట్టిన జార్ జతచేయవచ్చు.

ఎక్కడ పెడుతున్నామన్నదీ చూసుకోవాలి. 2021 ఫిబ్రవరిలో జేఫ్రాగ్ సంస్థ తన బిన్‌ట్రే, జేసెంటర్ రిపాజిటరీలను మూసేస్తున్నట్టు ప్రకటించాక, కేవలం వాటిమీదే ఆధారపడ్డవాళ్లు కొత్త చోటు వెతుక్కోవాల్సి వచ్చింది. 2016 మార్చిలో 11 వరుసల లెఫ్ట్-ప్యాడ్ అనే ప్యాకేజీని దాని రచయిత జావాస్క్రిప్ట్ రిపాజిటరీ ఎన్‌పీఎం నుంచి తీసేయగానే బాబెల్ సహా ఎన్నో ప్రాజెక్టుల బిల్డులు ఆగిపోయాయి. మేవెన్ సెంట్రల్లో అలా కాదు, ఒకసారి విడుదలైన వెర్షన్‌ని దాని యజమాని కూడా మార్చలేడు, తీసేయలేడు. వాడేవాళ్లకు కావాల్సిన భరోసా అదే.

అక్కడ పెట్టాలంటే డొమైన్ తమదేనని డీఎన్ఎస్‌లో ఒక టీఎక్స్‌టీ రికార్డుతో రుజువు చేసుకోవాలి, ఫైళ్లపై జీపీజీ సంతకం పెట్టాలి, పామ్‌లో లైసెన్సు వివరాలు నింపాలి. మొదటిసారి కాస్త శ్రమే. తర్వాతి విడుదలలన్నీ సీఐ సర్వర్ చూసుకుంటుంది. తయారీదారులు తమంతట తాము కదలకపోతే కొనేవాళ్లే కదిలించాలి. కంపెనీల ఒప్పందాల్లో, ప్రభుత్వ టెండర్లలో ఒక షరతు చేర్చాలి: బహిరంగ రిపాజిటరీలో, సంతకంతో, వెర్షన్ నంబరుతో విడుదలయ్యేదాకా ఎస్‌డీకే అందినట్టు లెక్క కాదు, బిల్లు చెల్లించరు.