కాలు కొలిచి.. సైకిల్ కొనండి!

దేవరకొండలో మా అక్కావాళ్ళ ఇంటి వరండాలో ఓ సైకిల్ ఉంది. కిందటి ఎండాకాలం వెళ్ళినప్పుడు చూస్తే దాని హ్యాండిల్ మీద తడి తువ్వాళ్ళు ఆరేసి ఉన్నాయి. క్యారియర్ మీద ఉల్లిగడ్డల సంచి. తొమ్మిదో తరగతి చదివే అక్క కూతురు బడికి వెళ్ళడానికని ఆయిలింగు చేయించి, కొత్త టైర్లు వేయించిన సైకిలది. పట్టుమని రెండు నెలలు తొక్కిందో లేదో.. మూలన పడింది.

‘ఏమైందే?’ అని అడిగా.

‘మోకాళ్ళ ఎనుక నొస్తున్నయి చిన్నమ్మా..’

‘ఈ వయసుల నొప్పులేంది? అంతా బద్ధకం’ అన్నాడు బావ.

‘ఆడపిల్లకు సైకిల్ అచ్చిరాలే’ అంటూ వాళ్ళ నానమ్మ ఏకంగా తీర్పే చెప్పేసింది.

అక్క మాత్రం లెక్క చెప్పింది. బడి నాలుగు కిలోమీటర్లు. ఆటో నిండితే గానీ కదలదు. అది కదిలేసరికి మొదటి పీరియడ్ సగం అయిపోతుంది. వచ్చే ఏడు పదో తరగతి. ‘హాస్టల్ల ఎయ్యాలె.. లేకుంటే..’ అని ఆగిపోయింది. ఆ ‘లేకుంటే’ తర్వాత ఏం మిగులుతుందో మన ఊళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఇంతకీ తప్పెవరిది? పిల్లదా, సైకిల్‌దా?

దర్జీ దగ్గరున్న టేపు..

పండక్కి పిల్లకి గౌను కుట్టించాలంటే దర్జీ భుజం కొలుస్తాడు, నడుం కొలుస్తాడు, పొడవు కొలుస్తాడు. చెప్పులు కొనాలంటే తొడిగి నాలుగడుగులు నడిపించి చూస్తాం. అదే సైకిల్ దగ్గరికొచ్చేసరికి? ‘ఎదిగే పిల్లలు గదా.. జర పెద్దదే తీస్కుందాం’ అంటాం. లంగా అంచు లోపలికి మడిచి కుట్టించినట్టు సైకిల్‌ని మడిచి కుట్టలేం కదా!

నా తరంవాళ్ళలో చాలామంది సైకిల్ నేర్చుకున్నదే అలా. ‘సైకిల్ టాక్సీ’ దుకాణంలో గంట లెక్కన అద్దెకి తెచ్చేవాళ్ళం. సీటు ఎక్కితే కాళ్ళందవు. అందుకని అడ్డకడ్డీ కిందినుంచి కాలు అవతలికి దూర్చి, ఒళ్ళంతా ఓ పక్కకి వంచి తొక్కేవాళ్ళం. కైంచీ తొక్కుడు! మోచేతులకీ మోకాళ్ళకీ ఆ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. అప్పట్లో అదో సరదా. కానీ పుస్తకాల సంచితో రోజూ ఎనిమిది కిలోమీటర్లు తొక్కాల్సిన పిల్లకి అది సరదా కాదు. పైగా ఏడు గుట్టల మీద కోట కట్టిన ఊరది. ఎటు వెళ్ళినా ఓ ఎత్తు, ఓ పల్లం.

చక్రమే కొలత!

సైకిల్‌ని మనిషికి తగ్గట్టు ఎంచుకోవడం కొత్త ఆలోచనేం కాదు. ముందు పెద్ద చక్రం, వెనక చిన్న చక్రం ఉండే పాతకాలం సైకిళ్ళని బొమ్మల్లో చూసే ఉంటారు. వాటికి పెడళ్ళు పెద్ద చక్రానికే ఉండేవి. కాలు ఎంత పొడవుంటే అంత పెద్ద చక్రం కొనుక్కోవాలి, అంతకన్నా పెద్దదైతే కాలు అందదు. కాబట్టి కొలవకుండా కొనే వీలే లేదు. 1885లో ఇంగ్లండ్‌లో జాన్ కెంప్ స్టార్లే ‘రోవర్’ సైకిల్ తెచ్చాడు. రెండు చక్రాలూ దాదాపు సమానం, మధ్యలో పెడళ్ళు, వెనక చక్రానికి చైను. ఇవాళ మనం తొక్కే సైకిళ్ళన్నీ దాని వారసులే. ఆ సైకిల్‌తో తొక్కడం సుఖమైంది కానీ, కొలత సంగతి మెల్లగా మరుగున పడింది. సీటు కొంచెం కిందికో పైకో జరుపుకోవచ్చు కదా అన్న ధీమా!

మన దగ్గరైతే మరీనూ. సోనేపట్ అట్లాస్, లూథియానా హీరో, మద్రాసు బీఎస్ఏ.. దశాబ్దాలపాటు ఏ ఊళ్ళో చూసినా అవే నల్లటి పెద్ద సైకిళ్ళు. 28 అంగుళాల చక్రాలు. ఫ్రేము 22 అంగుళాలో, 24 అంగుళాలో. బియ్యం మూట వేసినా, పాల క్యాన్లు కట్టినా తట్టుకునేలా చేసినవి. బరువు మోయడానికి వాటికి తిరుగులేదు. కానీ తొక్కే మనిషే సైకిల్‌కి తగ్గట్టు సర్దుకోవాలి.

చక్రాల్లేని సైకిల్

ఈ సర్దుబాటుని తిరగేయడానికే ‘ఫిట్టింగ్ బైక్’ వచ్చింది. ఇది ఎక్కడికీ పోని సైకిల్. కదలకుండా నేలమీద నిలబడి ఉంటుంది. సీటు పైకీ కిందికీ, ముందుకీ వెనక్కీ జరుగుతుంది. హ్యాండిల్ కూడా అంతే. కొన్నిటిలో పెడల్ బిగించే కడ్డీ పొడవు కూడా మార్చుకోవచ్చు. మనిషిని ఎక్కించి తొక్కమంటారు. పక్కనున్నాయన మోకాలు ఎంత వంగుతోంది, నడుం ఊగుతోందా, భుజాలు బిగుసుకున్నాయా అని చూస్తూ ఒక్కొక్కటీ జరుపుతాడు. ‘ఆ.. ఇప్పుడు హాయిగా ఉంది’ అనిపించిన చోట ఆపి, కొలతలన్నీ రాసుకుంటాడు. ఆ కొలతలకి సరిపోయే ఫ్రేము ఏదో అప్పుడు వెతుకుతారు. అంటే ముందు మనిషి, తర్వాత సైకిల్!

అమెరికాలో బెన్ సెరోటా అనే సైకిళ్ళ తయారీదారు ‘సైజ్ సైకిల్’ పేరుతో ఇలాంటిదాన్ని దుకాణాలకి అలవాటు చేశాడు. ఇప్పుడైతే కాళ్ళకీ చేతులకీ బుల్లి దీపాలు అంటించి కెమెరాలతో కొలిచే పద్ధతులూ వచ్చాయి. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు కదా, అక్కడ లక్షల ఖరీదు చేసే సైకిళ్ళు కూడా కనిపిస్తాయి. అలాంటివి కొనేవాళ్ళు ఈ కొలతలకి ప్రత్యేకంగా డబ్బు కట్టడం మామూలే. మరి రోజూ బడికో, పొలానికో, పాలు పొయ్యడానికో సైకిలెక్కే వాళ్ళ మాటేమిటి?

మన స్టాండే మనకు మిషను

మన పాత సైకిళ్ళకి వెనక రెండు కాళ్ళ స్టాండు ఉంటుంది. అది వేస్తే వెనక చక్రం గాల్లోకి లేస్తుంది. చిన్నప్పుడు స్టాండేసిన సైకిలెక్కి ‘బొంబాయి పోతున్నా’ అంటూ తొక్కని వాళ్ళున్నారా? అదే మన ఫిట్టింగ్ బైక్! కాకపోతే స్టాండుని పూర్తిగా నమ్మకూడదు. ముందునుంచి ఒకరు హ్యాండిల్ గట్టిగా పట్టుకోవాలి.

ఆ రోజు మా వరండాలో అదే చేశాం. తువ్వాళ్ళు తీశాం, ఉల్లిగడ్డలు దించాం. ముందు పిల్ల కాలు కొలవాలి. చెప్పుల్లేకుండా గోడకి ఆనుకుని నిటారుగా నిలబడమన్నాం. లావుపాటి అట్ట పుస్తకాన్ని కాళ్ళ మధ్య, సీటు మీద కూర్చున్నట్టుగా, పైకి గట్టిగా ఆనించి పట్టుకోమన్నాం. పుస్తకం పై అంచు దగ్గర గోడమీద పెన్సిల్ గీత. అక్కణ్నుంచి నేలకి.. 68 సెంటీమీటర్లు.

దాన్ని 0.883తో హెచ్చవేయాలి. ఇది ఫ్రాన్స్ కోచ్ సిరిల్ గిమార్ లెక్క. 1986, 89, 90 సంవత్సరాల్లో టూర్ డి ఫ్రాన్స్ గెలిచిన గ్రెగ్ లెమాండ్ వల్ల ప్రపంచమంతా పాకింది. పెడళ్ళు తిరిగే ఇరుసు మధ్యనుంచి సీటు పైభాగం దాకా ఎంత ఉండాలో అది చెబుతుంది. ఇంగ్లండ్‌లో హామ్లీ, థామస్ అనే పరిశోధకులు 1967లో మరో లెక్క చెప్పారు. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు అక్కణ్నుంచి సీటుకి ఉండే దూరం, కాలి కొలతకి 1.09 రెట్లు ఉండాలని. రెండు లెక్కలకీ సెంటీమీటరో రెండో తేడా వస్తుంది. అందుకే ఇవి మొదలుపెట్టడానికే. చివరి మాట మోకాలిది.

మా పిల్లకి లెక్క ప్రకారం రావాల్సింది 60 సెంటీమీటర్లు. ఆ సైకిల్ సీటు ఎంతుంది? 67!

ఏడు సెంటీమీటర్లు ఎక్కువ. పెడల్ కిందికి వెళ్ళినప్పుడల్లా కాలు సాగాలి, అందుకోసం నడుం ఆ పక్కకీ ఈ పక్కకీ ఊగాలి. మోకాలి వెనక నొప్పి రాక ఏం చేస్తుంది? పాపం, బద్ధకం కాదు.. అంకగణితం!

సీటు దింపితే సరిపోదా?

సరే, పానా తెచ్చి సీటు దింపేద్దాం అన్నాడు బావ, అప్పటికే కాస్త మెత్తబడి. దింపాం. ఒక్క సెంటీమీటరు దిగి ఆగిపోయింది. ఎందుకంటే అది వాళ్ళన్న తొక్కిన 22 అంగుళాల ఫ్రేము. 22 అంగుళాలంటే దాదాపు 56 సెంటీమీటర్లు. పైన స్ప్రింగుల సీటు, దాని బిగింపు కలిపి ఇంకో పది. మొత్తం 66. ఎవరు ఏ పానా పట్టినా అంతకన్నా దిగదు. ఇక్కడే అసలు కిటుకు ఉంది. సీటునీ హ్యాండిల్‌నీ జరుపుకోవచ్చు, ఫ్రేముని జరపలేం. తగిన ఫ్రేము కాకపోతే ఎంత సర్దినా అంతే.

అదే 20 అంగుళాల ఫ్రేమయితే? దాదాపు 51, పైన పది.. 61. మా పిల్లకి ఒక్క సెంటీమీటరు తేడా. సరిపోతుంది. పైగా లేడీస్ సైకిల్‌కి అడ్డకడ్డీ ఉండదు కాబట్టి ఆపినప్పుడు దిగడం సులువు.

కొనేముందు చూడండి..

దుకాణంలో ‘26 సైజు’ అన్నారంటే అది చక్రం కొలత, ఫ్రేము కొలత కాదు. ఒకే చక్రానికి రెండు మూడు ఫ్రేములు రావచ్చు. ఫ్రేము ఎంతని విడిగా అడగండి. అడ్డకడ్డీ ఉన్న సైకిల్‌ని రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని నేలమీద నిలబడితే కడ్డీకీ ఒంటికీ మధ్య కొంచెం ఖాళీ ఉండాలి.

టేపు లేకపోయినా ఫర్లేదు. సీటు మీద కూర్చుని పెడల్‌ని బాగా కిందికి తెచ్చి, దానిమీద మడమ ఆనించండి. మోకాలు తిన్నగా రావాలి. తర్వాత మామూలుగా పాదం ముందు భాగం ఆనిస్తే మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. అదీ సరైన ఎత్తు.

నొప్పి ఎక్కడుందో కూడా గమనించండి. మోకాలి ముందు నొస్తుంటే సాధారణంగా సీటు మరీ కిందికి ఉన్నట్టు. వెనక నొస్తుంటే పైకి ఉన్నట్టు. అరచేతులు తిమ్మిరెక్కుతుంటే హ్యాండిల్ దూరమై బరువంతా చేతుల మీద పడుతోందేమో చూడాలి. సరిచేసినా నొప్పి తగ్గకపోతే మాత్రం డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి.

ఇప్పుడే నేర్చుకునే చిన్నపిల్లలకి ఈ లెక్కలేవీ వద్దు. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకి ఆనాలి, అంతే. భయం పోయాక సీటు మెల్లగా పైకి లేపుకోవచ్చు. ‘వచ్చే ఏటికి సరిపోతుంది’ అని కొనే సైకిల్ ఈ ఏడు పడేస్తుంది!

మన జిల్లాకో మాట

లెక్కలన్నీ మోకాలు చక్కగా చాచగలిగే వాళ్ళ కోసం. నల్లగొండ నేలమీద ఆ మాట అంత తేలిగ్గా అనలేం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన తరాలున్నాయి ఇక్కడ. ఇప్పుడు మంచినీళ్ళొచ్చినా, బిగుసుకుపోయిన కీళ్ళు, వంగిన ఎముకలు వెనక్కి రావు. అలాంటి పెద్దమనిషి సైకిలెక్కితే మడమ పరీక్ష పనిచెయ్యదు. మోకాలు ఎంతవరకు వంగుతుంది, ఎంతవరకు చాచగలడు అన్నదే కొలత. మోకాలు ఎక్కువ వంగని వాళ్ళకి పెడల్ కడ్డీలు పొట్టివి వేస్తే పెడల్ అంత పైకి రాదు, మోకాలికి అంత శ్రమ ఉండదు. ఫిట్టింగ్ బైక్ అసలు ఉపయోగం ఇలాంటి చోటే అనిపిస్తుంది నాకు. పందేలవాళ్ళకి అది కొన్ని సెకన్లు మిగులుస్తుంది. ఇలాంటి వాళ్ళకి సొంతంగా పొలందాకా వెళ్ళే బతుకు మిగులుస్తుంది.

పిల్లల సంగతికొస్తే.. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి సైకిళ్ళు కొనుక్కోవడానికి ప్రభుత్వం డబ్బిచ్చింది. కార్తీక్ మురళీధరన్, నిశీథ్ ప్రకాశ్ అనే ఆర్థికవేత్తలు లెక్కలు తీస్తే హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారు. మగపిల్లలకీ ఆడపిల్లలకీ ఉన్న తేడా 40 శాతం తగ్గింది. బడి దూరమున్న ఊళ్ళలోనే లాభం ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లోనూ ‘బడికొస్తా’ పేరుతో ఆడపిల్లలకి సైకిళ్ళు పంచారు. సైకిల్ చేసే మేలు అంతటిది. కానీ ఆ మేలంతా సైకిల్ తొక్కితేనే. మూలన పడితే అది తువ్వాళ్ళు ఆరేసుకునే దండెం!

మా కథ చివరికేమైందంటారా? మరమ్మతు దుకాణం చాచా పాత సైకిల్ తీసుకుని, పైన కొంత డబ్బు తీసుకుని, ఎవరో వదిలేసిన 20 అంగుళాల లేడీస్ సైకిల్ ఇచ్చాడు. స్టాండేసి, పిల్లని ఎక్కించి, మడమ ఆనించి చూశాకే బావ డబ్బులు తీశాడు.

బడులు తెరిచిన నెలకి ఫోన్ చేశా. రోజూ సైకిల్ మీదే వెళ్తోందట. హాస్టల్ మాట ఎవరూ ఎత్తడం లేదట. ‘ఏం అత్తా, ఇప్పుడు అచ్చొచ్చిందా?’ అని వాళ్ళ నానమ్మని ఉడికిద్దామని అడిగా.

‘అచ్చొచ్చుడేంది.. దాని కాలుకు దగ్గ సైకిల్ దొరికింది, గంతే!’ అంది.

ఇంత పెద్ద వ్యాసం నేనెందుకు రాశానా అనిపించింది.