లాటిన్ బహువచనములు – దోషనిర్ణయము

ఆంగ్లరచనలను దిద్దు నధ్యాపకులలో కొందరు 'సిలబసెస్', 'ఫార్ములాస్' అను రూపములను దోషములుగ నెంచి, 'సిలబై', 'ఫార్ములీ' యని సవరింతురు. మూలభాషలోని బహువచనమే శుద్ధమని వారి తలంపు. ఆ మూలమునే పరిశీలించినచో ఈ తలంపు నిలువదు.

'ఆక్టోపస్' గ్రీకు శబ్దము. ఎనిమిది పాదములు కలదని యర్థము. అందలి రెండు భాగములును సంస్కృతమున అష్ట, పాద శబ్దములకు సజాతీయములు. దాని గ్రీకు బహువచనము 'ఆక్టోపొడెస్'. 'ఆక్టోపై' యనునది కేవలము సామ్యభ్రాంతివలన పుట్టిన రూపము. 'వైరస్' విషయము మరింత వింతయైనది. ఇది మన 'విష' శబ్దమునకు జ్ఞాతి. ప్రాచీన లాటినున దీనికి బహువచనప్రయోగము కానరాదు. తక్కిన పదములవలె దీనిని 'విరీ' యని మార్చినచో, అది 'వీర' శబ్దమునకు జ్ఞాతియైన వేరొక పదమునకు బహువచనమై పురుషులను బోధించును. విషము వీరులగుట యెంత సొగసు! ఇక 'ఆమ్నిబస్' స్వయముగనే చతుర్థీ బహువచనము, 'అందరికొరకు' అని యర్థము. అందలి 'బస్' సంస్కృత 'భ్యస్' ప్రత్యయమునకు తోబుట్టువు. ఆ ప్రత్యయశకలమే తెలుగున 'బస్సు' అయి, 'బస్సులు' అని మరల బహువచనమును పొందినది. దీనిని దోషమనువారు లేరు.

'సిలబస్' పుట్టుకయే అపపాఠము. సిసెరో లేఖల తొలి ముద్రణములందు, గ్రంథముల పేరుచీటీలను తెలుపు గ్రీకు పదమొకటి తప్పుగ పఠింపబడి యీ రూపము నొందినది. వ్యుత్పత్తిశుద్ధియే ప్రమాణమైనచో 'సిలబై' మాత్రమే కాదు, 'సిలబస్' సైతము త్యాజ్యమే కావలెను. నిఘంటువులు రెండు బహువచనములను అంగీకరించుచున్నవి. ప్రయోగమే యిచట ప్రమాణము.

తెలుగువారి కిది క్రొత్త న్యాయము కాదు. సంస్కృతశబ్దము తత్సమమై తెలుగున ప్రవేశించినపుడు తెలుగు విభక్తినే గ్రహించునని చిన్నయసూరి బాలవ్యాకరణము (1858) తెలుపుచున్నది. 'గురవః' అనక 'గురువులు' అనువానిని సంస్కృతపండితుడెవ్వడును ఆక్షేపింపడు. తన భాషలో అంగీకరించిన స్వాతంత్ర్యమును ఆంగ్లమునకు నిరాకరించి, విద్యార్థి మార్కులను తగ్గించుట అన్యాయము.

అయితే రెండు రూపములును అన్నిచోట్ల సమానములని కాదు. కీటకముల స్పర్శశృంగములకు 'యాంటెన్నీ' యనియు, రేడియో గ్రాహకములకు 'యాంటెన్నాస్' అనియు శాస్త్రవ్యవహారము భేదమును పాటించుచున్నది. గణితమున ఘాతాంకములు 'ఇండిసీస్'. గ్రంథాంతమందలి పదసూచికలు 'ఇండెక్సెస్'. ఇట్టి యర్థభేదమును విస్మరించినచో దిద్దవలసినదే. 'డేటా' శబ్దమునకు ఏకవచనక్రియయు బహువచనక్రియయు రెండును శిష్టసమ్మతములే. ఒకే వ్యాసమున రెండింటిని కలగలుపుటను మాత్రము పరిష్కర్తలు వారింపవలెను.